సముద్రం అడుగున పనిచేసే హైడ్రాలిక్ సిలిండర్ డిజైన్ చేయడం ఎలా?

"సముద్రం గాలి కూడా తగలని ఊర్లో ఉండి సబ్‌సీ డిజైన్ ఎట్లా నేర్చుకోవల్లన్నా?" అనంతపురం జేఎన్‌టీయూలో మెకానికల్ చదివే పిల్లలు, కడప, కర్నూలులో డిప్లొమా చేసి డిజైన్ ఉద్యోగాలు వెతుక్కుంటున్నవాళ్లు తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు. సబ్‌సీ అంటే సముద్రం నీళ్ల కింద పనిచేసే పరికరాలు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయం.

పనికి కొదవ లేదు. కాకినాడ తీరానికి అవతల కేజీ బేసిన్‌లో 2000 మీటర్లకు పైగా నీటి లోతులో ఉన్న ఆర్-క్లస్టర్ అనే గ్యాస్ క్షేత్రం నుంచి 2020 డిసెంబర్‌లో గ్యాస్ మొదలైంది. అదే బేసిన్‌లో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో ఆయిల్ వచ్చింది. చెన్నైలోని ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) ముగ్గురు మనుషులను 6000 మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 అనే వాహనం మీద పనిచేస్తోంది. వీటన్నిటిలోనూ వాల్వులు, యాక్చుయేటర్లు, సిలిండర్లు, సీళ్లు ఉంటాయి. వాటిని గీసేవాళ్లు సముద్రం ఒడ్డునే కూర్చోవాలని ఎక్కడా లేదు.

ఒకే ఒక్క వస్తువు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. 2000 మీటర్ల లోతులో ఆర్ఓవీ (మనిషి లేకుండా, పైనుంచి కేబుల్‌తో నడిపే నీటి రోబో) వాడే చిన్న డబుల్ యాక్టింగ్ సిలిండర్, అంటే ఆయిల్ ప్రెషర్‌తోనే నెట్టేది, లాగేది కూడా. బోర్ (ట్యూబు లోపలి వ్యాసం) 50 మి.మీ., రాడ్ 28 మి.మీ., స్ట్రోక్ (రాడ్ కదిలే దూరం) 200 మి.మీ., పని ప్రెషర్ 207 బార్, అంటే 3000 పీఎస్ఐ. ఇది చేతికి వస్తే మిగతావి దీనిమీదే పెరుగుతాయి.

ముందే ఒక హెచ్చరిక. ఇది నేర్చుకోవడానికి. నిజంగా సముద్రంలోకి దిగే వస్తువుకు కస్టమర్ స్పెక్ ఉంటుంది, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఏపీఐ 17డి, 17ఎఫ్, 17హెచ్ లాంటి స్టాండర్డ్‌లు ఉంటాయి, మీ లెక్కను ఇంకొకరు విడిగా చేసి సరిచూడాలి.

కావలసినవి

- ఏదో ఒక త్రీడీ క్యాడ్ సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ అయినా చాలు.
- ఒక స్ప్రెడ్‌షీట్. లెక్కలన్నీ అందులోనే, ప్రతి సంఖ్య పక్కన యూనిట్‌తో.
- ఏదైనా పేరున్న సీల్ కంపెనీ కేటలాగు, ముఖ్యంగా ఓ-రింగ్ హ్యాండ్‌బుక్. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాఠ్యపుస్తకం కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.
- మైక్రోమీటర్, బోర్ డయల్ గేజ్. కొనలేకపోతే ఇంజన్ రీబోరింగ్ షాపులో పరిచయం పెట్టుకోండి.
- తయారుచేసి చూడాలనుకుంటే మంచి లేత్ ఉన్న వర్క్‌షాప్, చేత్తో కొట్టే హైడ్రో టెస్ట్ పంపు, క్యాలిబ్రేట్ చేసిన గేజ్.

మొదలుపెట్టే ముందు బోరు మోటారు విప్పిచూడండి

థియరీ ఇక్కడ ఒక్కటే, అదీ మన పొలాల్లోనే ఉంది. నీళ్లు నింపిన సబ్‌మెర్సిబుల్ మోటారును రీవైండింగ్ షాపులో విప్పినప్పుడు అడుగుభాగం చూడండి. అక్కడ ఒక రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. మోటారు వేడెక్కి లోపలి నీళ్లు వ్యాకోచిస్తే అది బయటికి ఉబ్బుతుంది, చల్లబడితే లోపలికి వస్తుంది. బోరులో నీటి ప్రెషర్ ఎంత ఉన్నా లోపలా బయటా దాదాపు సమానంగా ఉంచుతుంది. అందుకే అంత లోతులో కూడా షాఫ్ట్ సీలు మీద పెద్ద భారం పడదు. మోటారు దించే ముందు మెకానిక్ నీళ్లు నింపి, అటూ ఇటూ వంచి, బుడగలన్నీ పోయాకే బిరడా బిగిస్తాడు. సబ్‌సీ భాషలో ఈ డయాఫ్రమ్ పేరు కాంపెన్సేటర్.

అంటే మనం డిజైన్ చేసేది ప్రెషర్‌కు కాదు, ప్రెషర్ తేడాకు. ఈ ముక్క బుర్రకెక్కనివాళ్లు అనవసరంగా అంగుళం మందం గోడలు గీస్తారు, అసలు పగిలేచోట పట్టించుకోరు.

బోరు లోతునే ప్రెషర్ అనుకోవడం మరో పొరపాటు. 1000 అడుగుల బోరులో నీళ్లు 600 అడుగుల దగ్గర నిలబడి, మోటారు 900 అడుగుల్లో ఉంటే, దాని మీదున్నది 300 అడుగుల నీళ్లే. సుమారు 9 బార్.

1. స్పెక్ ఒక పేజీలో రాయండి

నీటి లోతు, ఉష్ణోగ్రత, పని ప్రెషర్, ఏ ఆయిల్, ఎన్ని సైకిళ్లు, ఎన్నేళ్లు నీటిలో ఉండాలి, ఆర్ఓవీతో వెళ్లి వచ్చేదా, అక్కడే ఉండిపోయేదా. చివరి ప్రశ్న మీద మెటీరియల్ మొత్తం మారిపోతుంది. మన సిలిండర్ ఆర్ఓవీతో వెళ్లి వచ్చేది, కాబట్టి వచ్చిన ప్రతిసారీ కడిగి, చూసి, సీళ్లు మార్చుకోవచ్చు. ఇరవై ఏళ్లు అక్కడే ఉండే వాల్వుకు ఆ వీలు లేదు.

ఉష్ణోగ్రత గడిలో రెండు అంకెలు వేయండి. 2000 మీటర్ల దగ్గర నీళ్లు 3-4 డిగ్రీలు. ఓడ డెక్ మీద ఎండలో ఇనుము 50 డిగ్రీలు దాటుతుంది. మే నెలలో అనంతపురంలో రేకుల షెడ్డు కింద పనిచేసినవాళ్లకు రెండో అంకె గురించి చెప్పక్కర్లేదు.

2. ప్రెషర్ తేడాల పట్టిక వేయండి

ఈ గైడ్‌లో ఒక్క మెట్టు మాత్రమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకు 1027 కిలోలు అనుకుంటే, 2000 మీటర్ల దగ్గర ప్రెషర్ 1027 × 9.81 × 2000 = 20.15 మెగాపాస్కల్, అంటే 201 బార్. నోటిలెక్కకు 10 మీటర్లకు ఒక బార్ అనుకోవచ్చు. ఇప్పుడు సిలిండర్ జీవితంలో వచ్చే ప్రతి పరిస్థితికీ లోపల ఎంత, బయట ఎంత అని రాయండి.

- షెడ్డులో టెస్ట్: లోపల 310 (పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు), బయట 0. తేడా 310, లోపలి నుంచి బయటికి.
- లోతులో, ఖాళీగా: లోపల 201.5, బయట 201. తేడా అర బార్.
- లోతులో, పనిలో: పంపు సముద్రపు ప్రెషర్ మీద 207 ఇస్తుంది. లోపల 408, బయట 201. తేడా మళ్లీ 207.
- కాంపెన్సేటర్ ఖాళీ అయితే, లేదా లోపల గాలి ఉండిపోతే: లోపల దాదాపు 0, బయట 201. తేడా 201, బయటి నుంచి లోపలికి.
- పైకి తీస్తున్నప్పుడు: రెండు పోర్టుల దగ్గరా లాక్ వాల్వులు (ఆయిల్‌ను బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచేవి) ఉంటే లోపల 201 అలాగే ఇరుక్కుని ఉంటుంది, బయట 0 అయిపోతుంది.

మూడో గీత చూడండి. సిలిండర్ బలం 2000 మీటర్ల దగ్గర కూడా షెడ్డులో ఉన్నంతే. "అంత లోతులో నెట్టాలంటే పంపు ఇంకా పెద్దది కావాలి కదా?" అని అడుగుతారు. అక్కర్లేదు. కాంపెన్సేటర్ పనిచేస్తున్నంత కాలం పంపుకు లోతు తెలియదు.

నాలుగో గీతలో గోడ కంటే రాడ్‌కు తిప్పలు. 28 మి.మీ. రాడ్ వైశాల్యం 616 చదరపు మి.మీ. దాని మీద 201 బార్ పడితే 12.4 కిలోన్యూటన్లు, ఒకటింపావు టన్ను బరువు. సముద్రమే రాడ్‌ను లోపలికి తోసేస్తుంది. సింగిల్ యాక్టింగ్ చేసి రెండో వైపు గాలి ఉంచుదాం అనే ఐడియా వచ్చినప్పుడల్లా ఈ అంకె గుర్తు తెచ్చుకోండి.

ఐదో గీత మనుషులకు దెబ్బ తగిలే చోటు. గట్టి గోడల మధ్య ఇరుక్కున్న ఆయిల్ ఒక్క డిగ్రీ వేడెక్కితే ప్రెషర్ సుమారు 10 బార్ పెరుగుతుంది. 4 డిగ్రీల నీళ్లలోంచి 34 డిగ్రీల డెక్ మీదికి వచ్చేసరికి 201కి ఇంకో 300 దాకా కలవొచ్చు. టెక్నీషియన్ ఫిట్టింగ్ విప్పాడంటే సూదిలాంటి ఆయిల్ ధార చర్మంలోకి దిగుతుంది. లాక్ వాల్వు ఉన్న ప్రతి గదికీ థర్మల్ రిలీఫ్ వాల్వు పెట్టండి, ప్రెషర్ చూసుకుని వదిలేందుకు ఒక బ్లీడ్ పోర్టు ఇవ్వండి. కస్టమర్ అడక్కపోయినా సరే.

3. సైజులు, గోడ మందం

బోర్ వైశాల్యం 1963 చదరపు మి.మీ., రాడ్ తీసేస్తే 1348. 207 బార్ దగ్గర నెట్టే బలం 40.6 కిలోన్యూటన్లు, లాగే బలం 27.9. మీ పనికి లాగే బలమే కావాలంటే మొదట దాన్నే చూడండి. నెట్టే బలం చూసి బోర్ ఖాయం చేసి, తర్వాత లాగడానికి చాలక తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

ట్యూబు బయటి వ్యాసం 65 అనుకుందాం. 310 బార్ టెస్ట్ దగ్గర లామే సూత్రంతో లోపలి గోడ మీద చుట్టు ఒత్తిడి 121 మెగాపాస్కల్, అన్ని దిక్కుల ఒత్తిళ్లూ కలిపి చూసే వాన్ మీసెస్ 132. 316ఎల్ స్టెయిన్‌లెస్ యీల్డ్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 170, డ్యూప్లెక్స్ స్టెయిన్‌లెస్ 2205కి 450. రెంటికీ సరిపోయింది. నాలుగో పరిస్థితిలో, అంటే బయటి నుంచి 201 పడినప్పుడు, లోపలి గోడలో సుమారు 99 మెగాపాస్కల్ నొక్కుడు. అదీ సరే.

అయినా ఇంకో లెక్క ఉంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ప్రెషర్‌కు ట్యూబు ఎంత ఉబ్బుతుంది? 207 బార్ దగ్గర వ్యాసంలో సుమారు 0.02 మి.మీ. చిన్నదే, కానీ ఐదో మెట్టులో సీలు దగ్గర అవసరం పడుతుంది. రాసి పెట్టుకోండి.

రాడ్ వంగుతుందేమో చూడండి. రెండు చివర్లూ పిన్నులే, పూర్తిగా చాచినప్పుడు పొడవు 450 మి.మీ. అనుకుంటే ఆయిలర్ లోడు సుమారు 294 కిలోన్యూటన్లు. మన 40.6కి ఏడు రెట్లు. ఇబ్బంది లేదు.

ఎఫ్ఈఏ (కంప్యూటర్‌లో భాగాన్ని చిన్న ముక్కలు చేసి ఒత్తిడి లెక్కగట్టడం) తర్వాతే. ఎర్రగా, పచ్చగా ఉన్న బొమ్మ తెచ్చి చూపించి "ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ మూడు వచ్చింది" అంటే నేను అడిగేది ఒక్కటే: చేత్తో ఎంత వచ్చింది? ట్యూబు మధ్యలో, అంచులకు దూరంగా, మీ లెక్కకూ ఎఫ్ఈఏకూ పది శాతం మించి తేడా ఉంటే బౌండరీ కండిషన్లలో ఎక్కడో తప్పుంది. అది దొరికేదాకా రంగుల జోలికి పోవద్దు.

4. మెటీరియల్

ట్రాక్టర్ ట్రాలీ జాకీ చూసి అదే రాడ్ వేద్దామనుకుంటారు. స్టీలు మీద హార్డ్ క్రోమ్. దుమ్ములో అది బంగారమే, ఉప్పునీళ్లలో నిలవదు. క్రోమ్ పూతలో కంటికి కనిపించని సన్నని పగుళ్లుంటాయి, వాటిలోంచి నీళ్లు దిగి కింద తుప్పు పడుతుంది, పైన పూత పెచ్చులూడి సీలును కోసేస్తుంది.

స్టెయిన్‌లెస్ కూడా అన్నీ ఒకటి కావు. సముద్రంలో స్టెయిన్‌లెస్ పాడయ్యేది బయట మెరిసే చోట కాదు, ఓ-రింగు కింద, వాషర్ కింద, థ్రెడ్‌లో, అంటే నీళ్లు కదలని ఇరుకులో. దాన్ని తట్టుకునే శక్తిని పీఆర్ఈఎన్ అనే అంకెతో పోలుస్తారు: క్రోమియం శాతం, దానికి మాలిబ్డినం శాతానికి 3.3 రెట్లు, నైట్రోజన్ శాతానికి 16 రెట్లు కలపాలి. 316 సుమారు 24, 2205 సుమారు 35, సూపర్ డ్యూప్లెక్స్ 2507 40కి పైన. మన సిలిండర్‌కు ట్యూబు, గ్లాండు (రాడ్ బయటికొచ్చే వైపు మూత) 2205, రాడ్ 2507 లేదా నైట్రానిక్ 50 అని నేను రాస్తాను. డబ్బు తక్కువైతే 316ఎల్ ట్యూబు, ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లతో కడగాలని షరతుతో. 304 మాత్రం వద్దు.

డ్యూప్లెక్స్‌కు ఒక మెలిక ఉంది. సబ్‌సీ ఫ్రేములకు తుప్పు పట్టకుండా అల్యూమినియం ఆనోడ్లు కడతారు, వాటివల్ల లోహం ఉపరితలం మీద హైడ్రోజన్ పుడుతుంది. ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట డ్యూప్లెక్స్ ఆ హైడ్రోజన్‌కు పగులుతుంది. దీనికి డీఎన్‌వీ అనే స్టాండర్డ్‌ల సంస్థ వాళ్ల ఆర్‌పీ-ఎఫ్112 ఉంది, చదవండి. పదునైన మూలలు ఉంచకుండా రేడియస్ ఇవ్వడం సగం మందు.

డ్యూప్లెక్స్ రాడ్లు మన ఊళ్లలో దొరకవు, చెన్నై, ముంబై నుంచి తెప్పించుకోవాలి. ఇఎన్ 10204 3.1 సర్టిఫికెట్ (ఆ మెటీరియల్ పరీక్ష ఫలితాలతో తయారీదారు ఇచ్చేది) లేకుండా కొనొద్దు. సర్టిఫికెట్‌లోని హీట్ నంబరు (లోహం కరిగించిన బ్యాచ్ నంబరు), రాడ్ మీద పంచ్ చేసిన నంబరు ఒకటేనా చూడండి. కోసేటప్పుడు ఆ నంబరును మిగిలే ముక్క మీద కూడా పంచ్ చేయించండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ర్యాకులో ఉన్న ముక్క ఏదో ఎవరికీ తెలియదు. 304కీ 316కీ తేడా అయస్కాంతం చెప్పదు. చుక్క వేసి చూసే మోలీ టెస్ట్ చెప్తుంది.

5. సీళ్లు

భూమ్మీద సిలిండర్‌లో ప్రెషర్ ఒక్క దిక్కు నుంచే వస్తుంది. ఇక్కడ రెండు దిక్కుల నుంచీ వస్తుందని రెండో మెట్టులో చూశాం. కాబట్టి:

- గ్లాండుకూ ట్యూబుకూ మధ్య ఓ-రింగు, దానికి రెండు పక్కలా పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) బ్యాకప్ రింగులు, ఓ-రింగు సందులోకి దూరకుండా ఆపేవి. ఒకటి సరిపోదు.
- పిస్టన్ మీద రెండు వైపులా పనిచేసే సీలు (ఓ-రింగు మీద పీటీఎఫ్ఈ రింగు ఉండేది), రెండు వేర్ రింగులు.
- రాడ్ దగ్గర లోపలి వైపు యూ-కప్ (యూ ఆకారంలో పెదవి ఉన్న సీలు), దాని పెదవి ఆయిల్ వైపు. బయట ఇంకో యూ-కప్, పెదవి సముద్రం వైపు. అన్నిటికంటే బయట వైపర్. వైపర్ మట్టిని ఆపుతుంది, నీళ్లను ఆపదు. సబ్‌సీకి కొత్తగా వచ్చినవాళ్ల డ్రాయింగుల్లో ఆ రెండో సీలే ఉండదు.

ఓ-రింగు గ్రూవ్ లెక్క ఒకటి పూర్తిగా చేద్దాం. 3.53 మి.మీ. మందం రింగుకు కేటలాగులో స్టాటిక్ గ్లాండు లోతు (ఇక్కడ గ్లాండు అంటే రింగు కూర్చునే చోటు, మూత కాదు) 2.82 నుంచి 2.87. మధ్యలో 2.85 తీసుకుంటే నొక్కుడు 19 శాతం, బాగుంది. ఈ లోతులో క్లియరెన్స్ కూడా కలిసే ఉంటుంది. అంటే 50 మి.మీ. బోర్ నుంచి రెండుసార్లు 2.85 తీసేయాలి, గ్రూవ్ అడుగు వ్యాసం 44.30. గ్లాండు బయటి వ్యాసం నుంచి కొలిచి గ్రూవ్ కోయిస్తే నొక్కుడు తగ్గిపోతుంది, ఇది తరచూ జరిగే పొరపాటు. ఈ వ్యాసానికి 224 నంబరు ఓ-రింగు (లోపలి వ్యాసం 44.04) కొద్దిగా సాగి కూర్చుంటుంది. గ్రూవ్ వెడల్పు బ్యాకప్ లేకుండా 4.8 అయితే, రెండు బ్యాకప్‌లకు 7.0 కావాలి. డ్రాయింగ్‌లో బ్యాకప్ చేర్చి వెడల్పు మార్చడం మర్చిపోతే అసెంబ్లీ రోజున రింగు గ్రూవ్‌లో పట్టదు.

ఇప్పుడు ఉబ్బుడు లెక్క బయటికి తీయండి. 50 హెచ్8/ఎఫ్7 ఫిట్‌లో (బోర్‌కూ గ్లాండుకూ ఇచ్చే కొలత హద్దులు) గరిష్ఠ క్లియరెన్స్ 0.089 మి.మీ. దానికి ట్యూబు ఉబ్బిన 0.02 కలిపితే 0.11. ఈ సందులోకి 207 బార్ దగ్గర 70 షోర్ గట్టిదనం ఉన్న నైట్రైల్ రబ్బరు పిండిలా దూరుతుంది. బ్యాకప్ ఎందుకో ఇక చెప్పక్కర్లేదు.

జేసీబీ సీల్ కిట్ల షాపులో సైజు దొరికింది కదా అని వేయకండి. కాంపౌండు ఏమిటో, షోర్ ఎంతో, ఎప్పుడు తయారైందో కవరు మీద ఉండాలి. ఎండలో వేలాడదీసిన ఓ-రింగులు వేలితో సాగదీసి చూస్తే సన్నని పగుళ్లు కనిపిస్తాయి.

6. కాంపెన్సేటర్ ఎంత పెద్దది?

సిస్టంలో 12 లీటర్ల ఆయిల్ ఉందనుకుందాం.

- చల్లబడితే తగ్గేది: డిగ్రీకి సుమారు 0.07 శాతం. 40 డిగ్రీల షెడ్డులో నింపి 4 డిగ్రీల నీళ్లలోకి పంపితే 2.5 శాతం, 0.30 లీటరు.
- నొక్కుడుకు తగ్గేది: 201 బార్ దగ్గర సుమారు 1.3 శాతం, 0.16 లీటరు.
- రాడ్ బయటికి వెళ్తే ఖాళీ అయ్యే చోటు: 616 × 200 = 0.12 లీటరు.
- ఎంత తీసినా మిగిలే గాలి: ఒక శాతం అనుకోండి, 0.12 లీటరు.

మొత్తం 0.70 లీటరు. లీకుల కోసం ఇంకో అంత కలిపి 1.5 లీటర్ల కాంపెన్సేటర్ పెడతాను. పూర్తిగా మాత్రం నింపవద్దు, డెక్ మీద వేడెక్కితే వ్యాకోచించడానికి చోటు కావాలి. లోపల స్ప్రింగు 0.3 నుంచి 0.7 బార్ దాకా ఎక్కువ ప్రెషర్ ఇచ్చేలా చూడండి. అప్పుడు సీలు కాస్త అరిగినా ఆయిల్ బయటికి పోతుంది, ఉప్పునీళ్లు లోపలికి రావు.

ఆయిల్ గ్రేడు (చిక్కదనం అంకె) విషయంలో మన అలవాటు 46 లేదా 68. అది ఇక్కడి ఎండకు. 32 గ్రేడే 4 డిగ్రీల దగ్గర ఆరేడు రెట్లు చిక్కబడుతుంది. 15 లేదా 22 చూడండి.

7. బోల్టులు, గాలి ఇరుక్కునే చోట్లు

310 బార్ టెస్ట్ దగ్గర ఎండ్ క్యాప్‌ను నెట్టే బలం 60.9 కిలోన్యూటన్లు. ఆరు ఎం10 బోల్టులు వేస్తే ఒక్కోదానికి 10.2, ఒత్తిడి 175 మెగాపాస్కల్. మామూలు బి7 లేదా ఎ4-70 చాలు. అయినా "గట్టిది కదా" అని 12.9 గ్రేడు ఆలెన్ బోల్టు వేస్తారు. ఆనోడ్లున్న చోట గట్టిదనమే శత్రువు. 12.9 బోల్టు 39 హెచ్ఆర్‌సీ (గట్టిదనం కొలత) పైనే ఉంటుంది, హైడ్రోజన్ పట్టి ఏ హెచ్చరికా లేకుండా తల తెగుతుంది. 34 హెచ్ఆర్‌సీ దాటనివ్వకండి.

స్టెయిన్‌లెస్ బోల్టు స్టెయిన్‌లెస్ రంధ్రంలో పట్టేస్తుంది, యాంటీ-సీజ్ పేస్టు లేకుండా బిగించొద్దు.

డ్రాయింగ్ మొత్తం ఒకసారి గాలి కోసమే వెతకండి. బోల్టు కింద మిగిలిన బ్లైండ్ రంధ్రం, రెండు చివరలా వెల్డ్ చేసి మూసేసిన పైపు హ్యాండిల్, రెండు ప్లేట్ల మధ్య చుట్టూ వెల్డ్ వేసిన సందు. వీటన్నిట్లో 201 బార్ తేడా పడుతుంది. 3 మి.మీ. రంధ్రం వేసి నీళ్లు పోనివ్వండి.

8. తయారీ

బోర్‌కు హోనింగ్ కావాలి, 0.2-0.4 మైక్రాన్ ఆర్ఏ (గరుకుదనం కొలత). బైకు ఇంజన్లు రీబోర్ చేసే షాపులో 50 మి.మీ. హోనింగ్ హెడ్ ఉండొచ్చు, కానీ వాళ్లకు అలవాటైన పొడవు మన ట్యూబు కంటే చాలా తక్కువ. మధ్యలో పీపాలా వస్తుంది. హోన్ చేసిన ట్యూబునే కొనుక్కోవడం మేలు. చేయించినా కొన్నా, బోర్ డయల్ గేజ్‌తో మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిక్కుల్లో కొలవండి. హెచ్8 అంటే 50.000 నుంచి 50.039. ఒక్క చోట దాటినా వద్దు.

సీలు ఎక్కే అంచులకు 15-20 డిగ్రీల చాంఫర్, పోర్టు రంధ్రాల లోపలి అంచులు నున్నగా. లేత్ మీదున్నాయనకు మాటల్లో చెప్తే చాలదు, డ్రాయింగ్ మీద ఆ చోటును పెద్దగా గీసి చూపించండి. పోర్టు అంచు చెక్ చేయడానికి ఇయర్ బడ్ లోపలికి పెట్టి తిప్పండి, దూది పోగు చిక్కుకుంటే అది సీలును కూడా కోస్తుంది.

నేర్చుకోవడానికే అయితే మామూలు స్టీలు హోన్డ్ ట్యూబుతో చేయండి, ఖర్చులో చాలా తేడా ఉంటుంది. దాని మీద "ప్రాక్టీసుకు మాత్రమే" అని పంచ్ కొట్టండి.

9. శుభ్రం, నింపడం, టెస్ట్

కడగండి, ఫిల్టర్ చేసిన ఆయిల్‌తో ఫ్లష్ చేయండి, పోర్టులకు వెంటనే మూతలు పెట్టండి. గుడ్డముక్క కుక్కితే దాని పోగులే వాల్వులో ఇరుక్కుంటాయి. ఆయిల్‌ను కింది పోర్టు నుంచి నింపి, పై పోర్టు నుంచి బుడగలు ఆగేదాకా వదలండి. వాక్యూమ్ పంపు ఉంటే ఇంకా మంచిది. గాలి పోయిందో లేదో ఇలా తెలుసుకోండి: పోర్టులు మూసి చేతిపంపుతో 50 బార్‌కు తీసుకెళ్లండి. హ్యాండిల్ కొద్ది దెబ్బలకే ముల్లు ఠక్కున లేస్తే గాలి లేదు. స్పాంజి నొక్కినట్టు మెత్తగా పోతుంటే మళ్లీ బ్లీడ్ చేయాలి.

టెస్టులు ఈ వరుసలో:

- ముందు 5-10 బార్ దగ్గర. యూ-కప్ ఎక్కువ ప్రెషర్‌కు పెదవి విప్పుకుని బిగుస్తుంది, తక్కువలోనే కారుతుంది. నేరుగా 310కి వెళ్లేవాళ్లకు ఈ లీకు కనిపించదు.
- 310 బార్, 15 నిమిషాలు, రెండు గదులకూ విడివిడిగా.
- పిస్టన్ సీలు: ఒక గదికి 207 ఇచ్చి, రెండోదాని పోర్టు తెరిచి చుక్కలు లెక్కపెట్టండి. రాడ్ రెండు చివర్లలోనూ, మధ్యలో ఆపి కూడా.
- బయటి ప్రెషర్ టెస్ట్: హైపర్‌బారిక్ చాంబర్‌లో, అంటే వస్తువును లోపల పెట్టి చుట్టూ నీటి ప్రెషర్ ఇచ్చే గదిలో. చెన్నై ఎన్ఐఓటీ లాంటి చోట్ల ఉన్నాయి. ఎంత ప్రెషర్, ఎంతసేపు అన్నది కస్టమర్ స్పెక్ చెప్తుంది.

పాత బోరు కేసింగ్ పైపుకు ప్లేట్లు వెల్డ్ చేసి ఇంట్లోనే చాంబర్ కట్టేద్దాం అనే ఆలోచన వద్దు. ఎవరో ఒకరు తప్పక అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. అది 200 బార్‌కు చేసిన పైపు కాదు, లోపల కాస్త గాలి మిగిలినా పగిలినప్పుడు బాంబే. గాలితో, కంప్రెసర్‌తో హై ప్రెషర్ టెస్ట్ ఎప్పుడూ చేయకండి. ద్రవంతోనే, గోడ అవతల నిలబడి.

గేజ్ చదవడంలో ఒక మోసం ఉంది. ఉదయం ఎనిమిదికి రేకుల షెడ్డులో 310 పెట్టి, తొమ్మిదికి వచ్చి చూస్తే 315 ఉంది, "లీకు లేదు, ఇంకా పెరిగింది" అని సంతకం పెట్టేస్తారు. ఇరుక్కున్న ఆయిల్ డిగ్రీకి పది బార్ దాకా పెరుగుతుందని పైన చూశాం. షెడ్డు రెండు డిగ్రీలు వేడెక్కి 315 మాత్రమే చూపిస్తోందంటే అది లీకు దాచిన గేజ్. ట్యూబుకు థర్మామీటర్ అంటించి, ప్రెషర్ పక్కనే ఉష్ణోగ్రత కూడా ఐదు నిమిషాలకోసారి రాయండి. మొదటి ఐదు పది నిమిషాలు ముల్లు కాస్త దిగడం మామూలే, సీళ్లు సర్దుకుంటాయి. ఆ తర్వాతి నుంచే 15 నిమిషాలు లెక్కపెట్టాలి.

టెస్ట్ అయ్యాక సిలిండర్ విప్పండి. చాలామంది పాసైంది కదా అని విప్పరు. ఓ-రింగు అంచు ఒకవైపు కొరికినట్టు ఉంటే బ్యాకప్ తప్పు వైపు పడింది లేదా క్లియరెన్స్ ఎక్కువ. చుట్టూ చదునుగా అయిపోతే నొక్కుడు ఎక్కువ. రాడ్ మీద నిలువుగా ఒకే చోట గీత ఉంటే వేర్ రింగులో చిప్ ఇరుక్కుంది. ట్యూబు లోపల ఒక పక్కనే మెరుపుంటే రాడ్, పిస్టన్ ఒకే లైన్లో లేవు, గ్లాండు థ్రెడ్ లేదా ఫేస్ వంకర. ప్రతిదాన్నీ ఫోటో తీసి డ్రాయింగ్ నంబరుతో పాటు దాచండి, రివిజన్ బీ అక్కడి నుంచే మొదలవుతుంది.